మేనల్లుడి బొమ్మ, నంబరు ముప్పై

పారిస్, 9 అక్టోబరు 1916

ఒరేయ్ సిప్రియెన్,

క్షేమసమాచారాలు తర్వాత, ముందు పోట్లాట కానియ్. నువ్వు పంపిన మూడు కాన్వాసులూ నిన్న చేరాయి. రైల్వే కూలీలు మోసుకొచ్చి దుకాణం గుమ్మానికి అడ్డంగా పడేసి, "లోపలికి పట్టవమ్మా" అని చక్కా పోయారు. మూడూ నంబరు అరవైలే! మొదటిదాంట్లో సముద్రం. రెండోదాంట్లో సముద్రం, ఒక పడవ. మూడోదాంట్లో ఆ పడవ కూడా లేదు. కనీసం ఒక మేఘమైనా వేయలేకపోయావురా?

నీ ఎత్తు నాకు తెలియదనుకోకు. మీ బావ బతికుండగా నీతో ఒప్పందం రాసుకున్నాడు. కాన్వాసు కొలతని బట్టి నంబరు, నంబరుకి ఎనిమిది ఫ్రాంకులు. గుడ్డ పెద్దదైతే నంబరు పెద్దది, నంబరు పెద్దదైతే డబ్బు ఎక్కువ. బొమ్మలో ఏముండాలో మాత్రం రాయలేదు ఆ మహానుభావుడు. నువ్వు దాన్ని పట్టుకుని గోడంత గుడ్డకి నీలం పూసి పంపుతున్నావు. ఈ యుద్ధంలో గోడంత బొమ్మ ఎవడు కొంటాడు? ఇప్పుడు చేతిలో డబ్బున్నవాళ్ళంతా సైన్యానికి బూట్లూ, డబ్బా మాంసమూ అమ్మినవాళ్ళే. వాళ్ళకి భోజనాల గదిలో పట్టేంత బొమ్మ కావాలి, అందులో తినే వస్తువేదో ఉండాలి. ఇకనుంచి చిన్న నంబర్లే తీసుకుంటాను. ఈ మూడూ వెనక్కి పంపేస్తున్నాను, రవాణా ఖర్చు నీదే.

ఇంకో సంగతి. యుద్ధానికి ముందు వేసవిలో మా రెమీ మీ ఊరొచ్చినప్పుడు వాడి బొమ్మ వేశావే, అది పంపు. పోయిన నెల సైన్యంలో వాడికి నాలుగు రోజులు సెలవిచ్చారు. మూడు రోజులు నిద్రపోయాడు. నాలుగో రోజు బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. వాడి మొహం నేను సరిగ్గా చూసుకోనేలేదు. నా దగ్గరున్న ఒక్క ఫోటోలో వెధవ కదిలాడు, అలికేసినట్టుంది. ఆ బొమ్మ నా మంచం ఎదురుగా పెట్టుకుంటాను.

మరదలు నోయెమిని అడిగానని చెప్పు.

ఒర్తాన్స్


కొలియూర్, 17 అక్టోబరు 1916

దుకాణం యజమానురాలు గారికి,

అక్కా అనే మొదలుపెడదామనుకున్నాను కానీ నీ ఉత్తరంలో అక్క ఎక్కడా కనపడలేదు.

మేఘం వేయలేదంటావు. మేఘానికి తెలుపు కావాలి తల్లీ. సీసపు తెలుపు ఎక్కడా దొరకడం లేదు, సీసమంతా తుపాకీ గుళ్ళకి పోతోంది. జింకు తెలుపని ఒకటి అమ్ముతున్నారు, పెరుగు మీది తేటలా ఉంటుంది. రెండు పూతలేసినా కింది రంగు పైకి కనిపిస్తూనే ఉంటుంది. మంచి నార గుడ్డ విమానాల రెక్కలకి పోతోంది. నీలం ఒక్కటే సైన్యానికి ఇంకా అవసరం పడలేదు. అందుకే సముద్రం.

యుద్ధం మొదలైనప్పటినుంచీ నువ్వు నాకు ఏ బొమ్మకీ పూర్తిగా డబ్బివ్వలేదు. అడిగితే మారటోరియం అంటావు. బాకీలు ఆపుకోవచ్చని ప్రభుత్వం నీతో చెప్పింది, బాగానే ఉంది, మా ఊరి రొట్టెలవాడితో చెప్పలేదు. "మీ అక్క మారటోరియం మీ అక్క దగ్గరే ఉంచుకోమను, నా పిండి డబ్బులు కక్కు" అన్నాడు నిన్న, పదిమందిలో. నా తల కొట్టేసినట్టయింది. నోయెమి నెత్తళ్ళు ఉప్పు పట్టించే షెడ్డుకి పనికి పోతోంది. సాయంత్రం వచ్చేసరికి దాని చేతులు ఉప్పుకి పగిలి ఉంటాయి, చెంచా కూడా పట్టుకోలేదు.

ఇక రెమీ బొమ్మ. అది నంబరు ముప్పై. రెండు వందల నలభై ఫ్రాంకులు. "చిత్రకారుని గది దాటిన ప్రతి కాన్వాసూ లెక్కలోకి వచ్చును" అని బావే రాశాడు. నీ మంచం ఎదురుకి రావాలంటే అది నా గది దాటాలి కదా? డబ్బు పంపు, బొమ్మ పంపుతాను.

నీ సరుకు సరఫరాదారు,
సిప్రియెన్


పారిస్, 2 నవంబరు 1916

సిప్రియెన్,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. దుకాణంలో మనిషి ఉన్నాడని కూడా చూడకుండా బల్ల మీద గుద్దాను. ఆ మనిషి కొనకుండా వెళ్ళిపోయాడు. అది కూడా నీ లెక్కలోనే రాశాను.

సొంత మేనల్లుడి మొహానికి నంబరు కడతావా? వాడు నీ దగ్గర పది రోజులు కదలకుండా కూర్చున్నాడు, మెడ పట్టేసిందని నాకు ఉత్తరం కూడా రాశాడు పాపం. వాడికి కూలి ఇచ్చావా నువ్వు? నా కొడుకుని నాకే అమ్ముతానంటున్నావు, సిగ్గు లేదూ?

డబ్బు లేదు. దుకాణంలో పొయ్యి రాజేసి నెల దాటింది. కోటు తొడుక్కుని, చేతులకి తొడుగులేసుకుని లెక్కలు రాసుకుంటున్నాను. వంద ఫ్రాంకులు పంపుతున్నాను. ఇది నోయెమి చేతులకి, నీకు కాదు. ఆ పిల్లకి మంచి లేపనం కొనిపెట్టు.

ఆ బొమ్మ నువ్వే ఉంచుకో. నాకక్కర్లేదు. దాని మీద నాలుగు చేపలు వేసి పంపు, అవైనా అమ్ముడుపోతాయి.

ఒర్తాన్స్


కొలియూర్, 20 జనవరి 1917

అక్కకి,

వంద ఫ్రాంకులు ముట్టాయి. లేపనం కొన్నాను, నోయెమి నీకు కృతజ్ఞతలు చెప్పమంది.

ఈ వారం రైల్లో నీకు పెద్ద పెట్టె వస్తుంది. చిన్న బొమ్మలు కావాలన్నావు, చిన్నవే వేశాను. తినే వస్తువుండాలన్నావు, అన్నిట్లోనూ తినేవే. కొత్త గుడ్డ ఎక్కడా లేదు కాబట్టి నువ్వు తిప్పికొట్టిన మూడు సముద్రాలనీ ముక్కలు కోసి, వాటి మీదే నిమ్మకాయలూ, వంకాయలూ, వెల్లుల్లీ వేశాను. పొడుగ్గా మూడు చేపల బొమ్మలున్నాయి, అవి వేరే గుడ్డ. ఎర్ర గులివింద చేపలు పళ్ళెంలో వరసగా పడుకోబెట్టాను. అవి మూడూ ఒకే గోడకి వరసగా పెడితే బాగుంటాయి.

నువ్వు రాసినట్టే చేశాను, అక్షరం పొల్లుపోకుండా. ఇంక నామీద నీకు ఏ ఫిర్యాదూ ఉండకూడదు.

నోయెమి ఒక జాడీ నెత్తళ్ళు పెట్టింది పెట్టెలో. సగం రెమీకి పంపమంది.

సిప్రియెన్


పారిస్, 11 మార్చి 1917

నా బంగారు తమ్ముడికి,

అమ్ముడుపోయాయి! వెనక్కి తిప్పు, ఇంకోసారి చదువు. అమ్ముడుపోయాయి! గ్రివలే అని సైన్యానికి డబ్బా మాంసం సరఫరా చేసే ఆయన భార్యతో వచ్చాడు. ఆ చేపలు చూడగానే ఆవిడ "అబ్బ, ఆకలేస్తోందండీ" అంది. మూడూ ఒకేసారి కొనేశాడు, బేరం కూడా ఆడలేదు. వంకాయలు ఒక డాక్టరు తీసుకున్నాడు. చూశావా, చెప్పిన మాట వింటే ఎంత బాగుంటుందో! చచ్చి నీ నెత్తిన కూర్చున్నా వినేవాడివి కాదు చిన్నప్పుడు.

ఇదిగో, పాత బాకీలో కొంత పంపుతున్నాను. విడిగా ఇంకో కవరులో రెండు వందల నలభై ఉన్నాయి. అవి రెమీ బొమ్మకి. నువ్వే గెలిచావు, పో. కోపంలో ఏదేదో రాశాను, నువ్వూ రాశావు, అది అక్కడితో సరి. మంచం ఎదురుగా మేకు కొట్టించాను. రోజూ పొద్దున్నే లేచి ఆ మేకు వైపే చూస్తున్నాను. త్వరగా పంపు.

నెత్తళ్ళు రెమీకి చేరాయట. కందకంలో అందరూ చేతులు నాకారట.

అక్క


కొలియూర్, 2 ఏప్రిల్ 1917

అక్కా,

బాకీ డబ్బు అందింది. రొట్టెలవాడు ఇప్పుడు నాకు టోపీ తీసి మరీ నమస్కారం పెడుతున్నాడు.

రెండు వందల నలభై మాత్రం తిప్పి పంపుతున్నాను. వద్దు. రైల్లో ఇప్పుడు పెద్ద పెట్టెలు తీసుకోవడం లేదట, సైన్యం సామానంతా కదులుతోందట. వానలు కూడా. కొన్నాళ్ళు ఆగు.

మరేం లేదు.

సిప్రియెన్


పారిస్, 6 ఆగస్టు 1917

సిప్రియెన్,

నీళ్ళు నమిలే ఉత్తరాలు ఆపు. ఏప్రిల్‌లో డబ్బు తిప్పి పంపావు. బాకీ మొత్తం తీరిస్తేగానీ ఇవ్వనని దాని అర్థం, నాకు తెలుసు. మీ బావ ఊరికే అనలేదు, మా ఇంట్లో చిత్రకారుడు ఒకడున్నాడు, వడ్డీ వ్యాపారి కూడా వాడే అని.

ఇది విను. రెమీకి మే నెలలో దెబ్బ తగిలింది. నీకు అప్పుడే రాయలేకపోయాను. ప్రాణానికి భయం లేదన్నారు. గుండు ముక్క కింది దవడ పట్టుకుపోయింది. పై పెదవి ఉంది, అక్కడినుంచి గొంతు దాకా ఏమీ లేదు. మూడుసార్లు కోశారు. తుంటి దగ్గరి ఎముక ముక్క తీసి పెట్టి చూశారు, నిలవలేదు. ఇంక మేం చేయగలిగింది ఇంతేనమ్మా అన్నాడు డాక్టరు, చేతులు తుడుచుకుంటూ.

ఆసుపత్రికి ఒక శిల్పి వస్తాడు. పల్చటి రాగి రేకుతో మొహం చేసి, దానికి రంగు వేసి, కళ్ళజోడు కాడలకి తగిలించి ఇస్తాడు. దాంతో వీధిలోకి వెళ్ళొచ్చు. నా దగ్గరున్న ఫోటో చూపించాను. "అమ్మా, ఇందులో మీసమూ నీడా తప్ప ఏమీ లేదు. ఆకారం ఏదో ఊహించి చేయగలను, రంగు ఎక్కడినుంచి తేను? పాత బొమ్మ ఏదైనా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. గొప్పగా చెప్పాను కూడా, మా తమ్ముడే వేశాడు, నోరు తెరిచి నవ్వుతూంటాడు అందులో అని.

పియానో అమ్మేశాను. వెయ్యి ఫ్రాంకులు పంపుతున్నాను. ఇంకా చాలకపోతే చెప్పు, నా ఉంగరం ఉంది. రేపు రైలెక్కించు.

ఒర్తాన్స్


కొలియూర్, 15 ఆగస్టు 1917

అక్కా,

ఏం రాయాలో తెలియడం లేదు. నోయెమి పొద్దుటినుంచీ ఏడుస్తోంది. వాడు ఇక్కడున్నప్పుడు దాని వెంట షెడ్డుకి పోయి, చేపలు కడుగుతూ పాటలు పాడేవాడు, గొంతు ఏమాత్రం బాగుండేది కాదు. అందరూ నవ్వేవాళ్ళు.

డబ్బు వెనక్కి పంపుతున్నాను. పియానో మళ్ళీ కొనుక్కో. దయచేసి డబ్బు పంపకు. నాకు కొంచెం వ్యవధి ఇవ్వు, అంతే అడుగుతున్నాను. నెల రోజులు చాలు.

సిప్రియెన్


పారిస్, 29 ఆగస్టు 1917

ఎందుకు? నెల రోజులు ఎందుకు? బొమ్మ గోడకుంది, తీసి గుడ్డ చుట్టి రైల్లో వేయడానికి నెలా?

ఇంకో వ్యాపారి ఎవడైనా ఎక్కువ ఇస్తానన్నాడా? నిజం చెప్పు. ఎంత ఇస్తానన్నాడో చెప్పు, దానికి పైన ఇస్తాను. రెమీ మంచం పక్కన కూర్చుని రోజూ అబద్ధం చెప్పలేక చస్తున్నాను. "మామయ్య పంపాడా?" అని పలక మీద రాసి చూపిస్తాడు. దారిలో ఉందిరా అంటాను. మాట ముద్దగా వస్తుందని సిగ్గుపడి రాస్తాడు. నాకేమో ఆ ముద్ద మాటే కావాలి.

నీకు పిల్లలు లేరు. అందుకే ఇలా ఉన్నావు. ఆ మాట రాసినందుకు నాకు బాధ లేదు.

ఒర్తాన్స్


పారిస్, 18 అక్టోబరు 1917

సిప్రియెన్,

నిన్న గ్రివలే వచ్చాడు. తలుపు తోసుకుంటూ వచ్చి, సంచీలోంచి చేపల బొమ్మ ఒకటి తీసి బల్ల మీద బోర్లా పడేశాడు. "మేడమ్, నేను చేపలు కొన్నాను. మనిషిని కొనలేదు!" అని అరిచాడు. ఏమిటండీ అన్నాను. "భోజనాల గదిలో పొయ్యి పైన పెట్టాం. వేడికి రంగు పెచ్చులుగా లేస్తోంది. పళ్ళెం పక్కనుంచి ఒక కన్ను మా ఆవిడ వంకే చూస్తోంది. ఆవిడ ఆ గదిలో కూర్చుని తినడం మానేసింది. నా డబ్బు నాకిచ్చేయండి" అన్నాడు.

క్షమించండి, చిత్రకారుడు పాత గుడ్డ వాడి ఉంటాడు, యుద్ధం కదా అని ఏదో చెబుతూ బొమ్మ తిప్పాను.

అది నా కొడుకు కన్ను. ఎడమది. కనుబొమ్మలో మచ్చతో సహా.

గ్రివలే డబ్బు గ్రివలేకి ఇచ్చేశాను. మిగతా రెండు ముక్కలూ కూడా వాళ్ళింటికి పోయి నేనే తెచ్చుకున్నాను. దారంతా ట్రామ్‌లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు ఏం చేశావో చెప్పు. నీ నోటితో చెప్పు.


కొలియూర్, 26 అక్టోబరు 1917

అక్కా,

నువ్వు రాశావు. దాని మీద చేపలు వేసి పంపు అని రాశావు. నీ ఉత్తరం నా ఎదురుగానే ఉంది, కావాలంటే పంపుతాను, నీ చేతిరాత నువ్వే చూసుకో.

నాకూ తెలుసు నువ్వు నిజంగా అనలేదని. ఆ రోజు తెలియలేదా అంటే, తెలుసు. తెలిసే చేశాను. పదిమందిలో రొట్టెలవాడి చేత మాటలు పడి వచ్చాను, ఇంట్లో నోయెమి చేతుల్లోంచి రక్తం, మొహాన నీ ఉత్తరం. ముక్కలు చేసి పంపితే, పెట్టె విప్పగానే నువ్వు గుర్తుపట్టి గుండెలు బాదుకుంటావనుకున్నాను. నువ్వు గుర్తుపట్టలేదు. అమ్మేశావు. బంగారు తమ్ముడికి అని ఉత్తరం రాశావు. అప్పుడు నేనేం చేసేది?

రెండు నెలలుగా జ్ఞాపకంతో మళ్ళీ వేస్తున్నాను. పదకొండోది నడుస్తోంది. నోయెమి చూసి "ఇది రెమీ కాదు, ఈ వయసులో నువ్వు" అంటుంది. నిజమే. గీకేసి మళ్ళీ మొదలుపెడతాను.

పైపూత జింకు తెలుపు, అది ఊడి వస్తుంది. కింది పూత సీసపు తెలుపుతో వేసింది, రాయిలా ఉంటుంది. దుకాణంలో మరమ్మతు చేసే ముసలాయనకి ఇవ్వు. మెల్లగా, గోరువెచ్చటి నూనెతో తీయమను. వాడి మొహం బయటికి వస్తుంది. చూడు, వస్తుంది.

సిప్రియెన్


పారిస్, 12 నవంబరు 1917

సిప్రియెన్,

వచ్చింది. ముసలాయన వారం రోజులు కూర్చుని తీశాడు. నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి, ముక్కు వచ్చింది. ఎండకి కందిన చెంపలు, నువ్వు వేసినవి వేసినట్టే వచ్చాయి. రెండో ముక్కలో మెడ వచ్చింది, నీలం చొక్కా కాలరు వచ్చింది. మూడోదంతా చొక్కానే.

నువ్వు కత్తి పెట్టింది ఎక్కడో తెలుసా? వాడి నోటి మీద. అడ్డంగా. పై ముక్క అంచూ, కింది ముక్క అంచూ చట్రం మీదికి మడిచి మేకులు కొట్టావు. మడిచినచోట రంగంతా రాలిపోయింది. పెదవులు లేవు, గడ్డం లేదు. రెండు ముక్కలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాను. ఆసుపత్రిలో నేను రోజూ చూస్తున్నదే ఇక్కడా ఉంది. గుండు తగిలిన చోటే నువ్వూ కోశావురా.

దుకాణం నేల మీద కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ముసలాయన తలుపు మూసి "మూసివేయబడినది" బోర్డు తిప్పాడు.

నీ వంకలు నాకు వద్దు, నా ఉత్తరం నాకు తిప్పి పంపొద్దు. అది రాసింది నేనే. రాసిన చెయ్యి విరిగిపోయినా బాగుండేది. శిల్పికి విషయం చెప్పాను. "వేసిన మనిషి బతికున్నాడు కదా, ఆయన్నే పిలవండి" అన్నాడు.

ఊరి కచేరీలో ప్రయాణానికి అనుమతి కాగితం తీసుకో. రా.

ఒర్తాన్స్


కొలియూర్, 20 నవంబరు 1917

అక్కా,

అనుమతి కాగితానికి కారణం రాయమన్నారు. "కుటుంబం" అని రాశాను. "అలా సరిపోదు, చావా పెళ్ళా?" అన్నాడు గుమాస్తా. రెండూ కాదయ్యా, మా మేనల్లుడికి గడ్డం వేయాలి అన్నాను. నా మొహంకేసి చూసి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

శుక్రవారం వస్తున్నాను. స్టేషనుకి రాకు. చలి.

సిప్రియెన్


పారిస్, 3 మార్చి 1918

తమ్ముడూ,

నువ్వెళ్ళి రెండు నెలలైంది. రాయడానికి తీరిక లేక కాదు, ఏం రాయాలో తెలియక రాయలేదు. బాంబులు పడుతున్నాయి, బొమ్మలన్నీ నేలమాళిగలో పెట్టించాను. నీ ఒప్పందం చింపేశాను. ఇకనుంచి నెలకింత అని పంపుతాను, నువ్వేం వేస్తే అది వేసుకో. దీని మీద మళ్ళీ పోట్లాడకు, నాకు ఓపిక లేదు.

రేకు మొహం సంగతి. నువ్వు శిల్పితో పోట్లాడి, గడ్డం గీసుకున్న మధ్యాహ్నానికి వచ్చే నీలి ఛాయ కోసం మూడు రోజులు రంగు కలుపుతూ కూర్చున్నావు చూడు, అది వృథా పోలేదు. వీధిలో ఎవరూ తిరిగి చూడరు. రొట్టెల దుకాణంలో ఆవిడ మామూలుగా చిల్లర ఇచ్చింది. పెదవులు వాడివే. ఎలా గుర్తుపెట్టుకున్నావో నాకు తెలియదు. మొదటిసారి అది పెట్టుకుని గుమ్మంలో నిలబడితే, సెలవు మీద వచ్చాడేమో అనుకుని ఒక్క క్షణం నా కాళ్ళు పరుగెత్తాయి.

ఆదివారం ఆదివారం ఆసుపత్రినుంచి వస్తాడు. అది పెట్టుకునే వస్తాడు. కూర్చుంటాడు. నేను "ఎంత బాగుందిరా, మీ మామయ్య చెయ్యే చెయ్యి" అంటాను. తల ఊపుతాడు. భోజనం పెడితే ఆసుపత్రిలో తిని వచ్చానని పలక మీద రాస్తాడు. తీసి తినాలి కదా, అందుకని. నేను ఒక్కదాన్నే తింటాను, వాడు ఎదురుగా కూర్చుని చూస్తాడు, నోరు కొంచెం తెరుచుకుని, నువ్వు వేసినట్టే. ప్రతివారమూ అదే నోరు. నేను ఉప్పు ఎక్కువైందన్నా అదే, వాడి నాయనమ్మ పోయిందన్నా అదే. నువ్వేమీ అనుకోకు తమ్ముడూ, నాలుగు ఆదివారాలు గడిచేసరికి దాన్ని చూస్తే నాకు చలి పుట్టుకొచ్చేది.

పోయిన ఆదివారం ఉల్లిపాయల సూప్ చేశాను. వాడికి చిన్నప్పటినుంచీ ప్రాణం. గిన్నె ముందు పెట్టాను. తిని వచ్చానని మళ్ళీ పలక తీశాడు. పలక లాక్కున్నాను. "తీసెయ్‌రా అది, సూప్ చల్లారిపోతోంది" అన్నాను.

వాడు నోటితోనే మాట్లాడాడు. ముద్దగా వచ్చింది, నాకు అర్థమైంది. "నీకోసమే కదమ్మా పెట్టుకుంటున్నాను. పియానో అమ్మావు. మామయ్య అంత దూరం నుంచి వచ్చాడు. నాకు కింద ఒరుసుకుంటుంది, లోపల ఊపిరాడదు. కానీ నీకు ఇది ఇష్టమని."

"నాకు ఇష్టమని ఎవడు చెప్పాడు వెధవా? నువ్వు సంతోషపడతావని పొగుడుతున్నాను!" అన్నాను. అరిచాను, నిజం చెప్పాలంటే. పక్కింటావిడ గోడ మీద కొట్టింది.

తీశాడు. కళ్ళజోడూ దాంతోపాటే ఊడి వచ్చింది. మొదట మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను, కూర్చోలేదు. అప్పుడు తిరిగి, చెంచా తీసుకున్నాడు. సగం లోపలికి పోయింది, సగం గొంతు మీదుగా చొక్కాలోకి కారింది. వాడు తుడుచుకోలేదు, నేనూ తుడవలేదు. గిన్నె ఖాళీ చేసి నా ముందుకి తోశాడు, ఇంకొంచెం పోయమని.

అక్క